స్నానాలగదిలో అడవి

మొన్న స్నానాలగది గోడలోకి చెమ్మ దిగుతోందని తాపీమేస్త్రీని పిలిచాను. అతను వెంటిలేటరు ఊడదీసి వరండాలో పెట్టి, దాని అద్దాన్ని గోటితో గీరి చూసి, "దీదీ, ఇస్‌పే కాలా పెయింట్ కిస్‌నే లగాయా?" అని నవ్వాడు. ఎండ రాని గదిలో నాచు పట్టక ఏం పడుతుందని అతని బాధ. ఆ నల్లరంగు మా నాన్న వేశారని చెప్పాను. ఎందుకని అడిగితే మాత్రం ఏం చెప్పను? ఫొటోలు కడగడానికని చెబితే, ఫొటోల్ని కడగడమేమిటని ఇంకో ప్రశ్న వేస్తాడు. ఇప్పుడు నలభై దాటినవాళ్ళకు తప్ప ఆ మాట అర్థం కాదు. పాత అద్దం తీసేసి కొత్తది బిగించి అతను వెళ్ళిపోయాక, ఆ గదిలోకి నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి తిన్నగా ఎండ పడింది. గచ్చు మీద ఫొటోలు కడిగే హైపో మందు చుక్కలు పడి మిగిలిపోయిన గోధుమరంగు మచ్చలు కనిపించాయి. నాన్న పోయి మూడేళ్ళు దాటింది. ఇంత దిగులు మాత్రం ఈ మధ్య ఎప్పుడూ ముంచుకురాలేదు. గడప దగ్గరే కూలబడ్డాను.

మా ఇల్లు ఈ దీవుల్లో, లంబాలైన్ అనే పేటలో, విమానాలు దిగే దారి పక్కనే. నాన్న ఫిజిక్స్ మాస్టారు. కాకినాడ నుంచి ఉద్యోగానికని ఓడెక్కి వచ్చి, కొన్నాళ్ళు చేసి వెళ్ళిపోదామనుకుని, చివరికి ఇక్కడే ఇల్లు కట్టేసుకున్న చాలామంది తెలుగువాళ్ళలో ఆయనొకరు. ఆయనకు బీడీ లేదు, పేకాట లేదు, అరుగు మీద కబుర్లు లేవు. ఉన్నదల్లా ఒకే పిచ్చి, అడవి ఫొటోలు. ఆ పిచ్చి ఆదివారాలు అడవిలోనూ, మిగతా సాయంత్రాలు మా స్నానాలగదిలోనూ కాపురముండేది. నీళ్ళ డ్రమ్ము మీద చెక్కపలక వేసి, దాని మీద బొమ్మల్ని పెద్దవి చేసే ఎన్‌లార్జర్ నిలబెట్టి, కింద గచ్చు మీద మూడు బేసిన్లు పరిచి, ఎర్రబల్బు వేసుకుని నాన్న లోపల గడియ పెట్టుకుంటే ఇక మా ఇంట్లో స్నానం అన్నమాట లేదు. ఆ బేసిన్లు అమ్మ ఆవకాయ కలపడానికి కొనుక్కున్నవి. "ఏవండీ, నా బేసిన్లు మీ విషానికి ఇచ్చాను, ఇంకేం ఇమ్మంటారు?" అని అమ్మ తలుపవతల నుంచి ఒంటికాలి మీద లేచేది. తలుపు సందుల్లోంచి వచ్చే హైపో ఘాటు, వంటింట్లోంచి వచ్చే చేపల పులుసు వాసన నడవలో కలిసేవి. మా ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కు చిట్లించేవారు. మాకు మాత్రం అదే ఇంటి వాసన. బళ్ళోంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఆ వాసన పీలిస్తే, ఆ పూట నాన్న ఉషారుగా ఉన్నారని తెలిసిపోయేది.

ఆయన కెమెరా రెండు కళ్ళది. పై కన్ను చూడడానికి, కింది కన్ను తీయడానికి. దాన్ని బొడ్డు దగ్గర పెట్టుకుని, మూత తెరిచి, తల వంచి చూస్తే గాజుపలక మీద అడవి కుడి ఎడమలు తారుమారై కనిపించేది. దాని ఫిల్ము వెడల్పుగా ఉండేది. ఒక్కో నెగెటివ్ అగ్గిపెట్టె కంటే పెద్దది. చుట్టకి పన్నెండే బొమ్మలు కాబట్టి నాన్న మీట నొక్కే ముందు చెట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేసేవారు. ఫిల్మూ, ప్రింటు కాగితమూ మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలోనే రావాలి. ఓడ రాకపోతే అడవికి సెలవు. వచ్చిన ఫిల్ముకి ఇక్కడి తేమలో బూజు పట్టకుండా, ఎప్పుడూ బల్బు వెలుగుతుండే ఒక చెక్కపెట్టె చేయించి వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టారు. వానాకాలంలో అమ్మ అప్పడాలు కూడా దాంట్లోనే దాచేది. ఆ విషయంలో మాత్రం ఇద్దరికీ తగాదా ఉండేది కాదు.

అడవికి మమ్మల్ని తీసుకెళ్ళేది అప్పలరాజు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కింద రేవు పక్క జంగ్లీఘాట్‌లో స్థిరపడిన చేపలవాళ్ళ మనిషి. సముద్రంలోంచి అడవిలోకి చొచ్చుకుపోయే ఉప్పునీటి పాయల్ని ఇక్కడ ఖాడీలంటారు. వాటికి రెండు పక్కలా మడచెట్లు వేళ్ళు నీళ్ళలోకి దింపి నిలబడి ఉంటాయి. అప్పలరాజు ఆదివారాలు చేపల వేటకి పోకుండా, తన డుంగీ పడవలో నన్నూ నాన్ననూ ఎక్కించుకుని ఆ ఖాడీల్లోకి తిప్పేవాడు. నాన్న ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బురదలో దిగి స్టాండు పాతేవారు. మడ అడవిలో వెలుతురు తక్కువ. ఆకూ, వేరూ, బురదా అన్నీ స్పష్టంగా రావాలంటే కెమెరా కన్నుని సన్నగా తెరిచి, చాలాసేపు తెరిచే ఉంచాలి. ఆ సేపంతా నాన్న ఊపిరి బిగబట్టి పెదవుల్లోనే అంకెలు లెక్కపెట్టేవారు. నేను దోమ కుట్టినా కదలకుండా కూర్చునేదాన్ని. అప్పలరాజుకి మాత్రం ఆ నిశ్శబ్దం అంటే మహా చిరాకు. నాన్న లెక్క పూర్తిచేసి తల ఎత్తగానే మొదలెట్టేవాడు.

"మాస్టారు బాబూ, ఇన్ని చెట్లకి పోటోలు తీసినారు. ఒక్క పాలి నాకు తీస్తే మీ రీలు అరిగిపోద్దేటి?"

"నువ్వు కదులుతావు రాజూ. చెట్టు కదలదు."

"చెట్టు కదలదని ఎవులన్నారు? గాలొస్తే నాకన్నా అదే ఎక్కువ గెంతుతాది. మరి గాలిని తిట్టరేటి?"

"గాలిని కూడా తిడతాను. నీకు వినపడదు."

అప్పలరాజు పడీ పడీ నవ్వేవాడు. నాన్న తమాషాకి అన్న మాట కాదది. ఆయన దృష్టిలో అడవి ఫొటోలో మనిషి ఉంటే ఫొటో చెడినట్టే. పై కన్ను చూసేదానికీ కింది కన్ను తీసేదానికీ కొంచెం తేడా ఉంటుంది కాబట్టి, ఎంత జాగ్రత్తపడినా అంచుల్లో ఏదో ఒకటి దూరేది. డుంగీ ముక్కు, తెడ్డు కొస, ఒకసారి నా జడ. ప్రింటు వేసేటప్పుడు ఆ అంచుకి నల్లకాగితం అడ్డుపెట్టి తీసేసేవారు. గోడ మీద ఎండిన ప్రింట్లలో మనుషులు ఎప్పుడూ అడుగుపెట్టని అడవి ఉండేది. ఆ అడవిని చూసి వచ్చినవాళ్ళంతా ఆహా అనేవారు. మేము ముగ్గురం డుంగీలో కూర్చుని పులిహోర తిన్న అడవి అదేనని మాకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను డిగ్రీలో చేరిన ఏడాది. ఆ వారం ఓడ రాలేదు, ఫిల్ము లేదు. ఈ ఆదివారానికి వద్దులే రాజూ అని నాన్న ముందే చెప్పేశారు. అయితే వేటకెల్పోతాను బాబూ అని అప్పలరాజు ఇద్దరు తోటివాళ్ళతో కలిసి దక్షిణాన హట్‌బే రేవు వైపు వెళ్ళిపోయాడు. ఆదివారం తెల్లవారాక మేమింకా పక్కలు ఎత్తకముందే భూమి ఊగింది. మామూలుగా వచ్చి పోయే ఊగుడు కాదు, ఎంతకీ ఆగదే. స్నానాలగదిలో సీసాలు దొర్లి పగిలిన చప్పుడు. వీధిలోకి పరిగెత్తి ఒకరి చేతులొకరం పట్టుకుని రోడ్డు మధ్యలో కూర్చున్నాం. కాసేపటికి జంగ్లీఘాట్ వైపు నుంచి జనం పిల్లల్ని ఎత్తుకుని, "పానీ ఆ గయా, పానీ ఆ గయా" అని, సముద్రం ఊళ్ళోకి వచ్చేసిందని అరుస్తూ పైకి ఎక్కి వచ్చారు. ఆ జనంలో అప్పలరాజు భార్య పైడమ్మ, అతని తల్లి కనిపించారు. ఇద్దరూ నడుముల దాకా తడిసి ఉన్నారు. నాన్న వాళ్ళని తెచ్చి మా పక్కన కూర్చోబెట్టారు. హట్‌బే ఏమైందో అప్పటికి ఎవరికీ తెలియదు. సముద్రం దాన్ని ఊడ్చేసిందని తెలిశాక, ఫిల్ము ఉండుంటే అతను ఆ ఆదివారం నాతోనే ఉండేవాడని నాన్న అనడం మొదలుపెట్టారు. అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట. అమ్మ కంచంలో చారు పోసేది.

సునామీ తర్వాతి రోజుల్లో మా ఊరు మా ఊరిలా లేదు. బళ్ళన్నీ శిబిరాలయ్యాయి. నికోబార్ నుంచీ, హట్‌బే నుంచీ వచ్చినవాళ్ళు బెంచీల మీద పడుకునేవారు. నాన్న పొద్దున్నే వెళ్ళి వాళ్ళకి అన్నాలు వడ్డించి వచ్చేవారు. కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. పగలనక రాత్రనక మా ఇంటి మీదుగా సామాను తెచ్చే విమానాలు దిగుతూనే ఉండేవి. ఒక్కొక్కటి దిగినప్పుడల్లా గిన్నెలు గలగలలాడి, మళ్ళీ భూకంపమేమోనని అందరం తలుపుల వైపు చూసేవాళ్ళం. అలాంటి ఒక మధ్యాహ్నం పైడమ్మ అత్తని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది.

"బాబూ, ఆయన పోటో మీకాడేటైనా ఉన్నాదా?" అంది గుమ్మంలోనే నిలబడి. "పెళ్ళి పోటో తడిసి అద్దానికి అతుక్కుపోనాది. ఊడదీత్తే మొకాలు రెండూ అద్దానికే ఉండిపోనాయి. ఓటరు కార్డేమో ఆయన జేబులోనే ఉన్నాది. క్యాంపుల్లో అందర్నీ అడుగుతున్నాను. కైసా దిఖ్‌తా హై అంటన్నారు. నల్లగా బారుగా ఉంటాడంటే, అలాటోల్లు ఎంతమంది లేరమ్మా అంటన్నారు."

ముసలమ్మ అప్పటికే గచ్చు మీద చతికిలబడింది. "తిరగడానికి కాదు బాబూ, నాకు దండెయ్యడానికి కావాల. నా కొడుకు ఎటూ కాకుండా గాల్లో తిరుగుతన్నాడు. పటమెట్టి, కర్మ సేసి, పంపించీయాల. ఇది ఒప్పుకోదు."

"బతికున్నోడికి దండేటి అత్తా?"

"బతికుంటే రాడేటే? దారి తెల్దా ఆడికి?"

అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి నాన్నని లోపలికి పిలిచింది. "ఇన్నేళ్ళు మీ పక్కన తిరిగిన మనిషి. ఒక్కటంటే ఒక్కటి తీయలేదా?" అని మాత్రం అడిగింది. నాన్న తల అడ్డంగా ఊపారు. తర్వాత వరండాలోకి వచ్చి, "వెతుకుతానమ్మా, అంచుల్లో ఎక్కడైనా పడి ఉంటాడు" అన్నారు. పైడమ్మకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

బల్బు పెట్టెలోంచి నెగెటివులన్నీ బయటికి తీసి, కిటికీకి దారం కట్టి, ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి భూతద్దంతో చూశాం. అన్నీ చెట్లే. ఇంతకాలం పారేయాల్సిన అంచుల్ని వెతుక్కుంటూ చూడటం నాన్నకి చేతకాలేదు. చూపు మళ్ళీ మళ్ళీ చెట్టు మీదికే పోయేది. "నువ్వు చూడమ్మలూ, నాకు మనిషి కనపడట్లేదు" అని భూతద్దం నా చేతికిచ్చారు. చివరికి నాకే దొరికాడు. ఒక పెద్ద మడచెట్టు ఫొటోలో ఎడమ అంచున, డుంగీ ముక్కులో వంగి కూర్చుని ఉన్నాడు. నెగెటివ్‌లో నలుపంతా తెలుపు కాబట్టి తెల్లగా మెరిసిపోతున్నాడు. చూసుకుంటే తనే ముందు నవ్వి ఉండేవాడు. మనిషంతా కలిపి బియ్యపుగింజంత. అయినా నెగెటివ్ పెద్దది కదా, లాగితే ముఖం రావచ్చన్నారు నాన్న.

అంత చిన్న ముక్కని పెద్దది చెయ్యాలంటే ఎన్‌లార్జర్ తలని పలక అవతలికి తిప్పి, వెలుగుని గచ్చు మీదికి పడేటట్టు చెయ్యాలి. అంత ఎత్తు నుంచి పడే వెలుగు పల్చన. కాగితం మీద బొమ్మ పట్టాలంటే చాలాసేపు ఏమీ కదలకూడదు. పెట్టెలో మిగిలినవి కొద్ది కాగితాలు. మొదటిదాని మీద వెలుగు వేశామో లేదో విమానం దిగింది. ఎన్‌లార్జర్ వణికి బొమ్మంతా అలికినట్టయింది. రెండోదానికి భూమే ఊగింది. నాన్న ఏడుపు ముఖంతో బయటికొస్తే, అమ్మ చేతిలో చీపురు పక్కన పడేసి, "నేను డాబా మీదికెళ్ళి చూస్తాను. ఆకాశం ఖాళీగా ఉన్నప్పుడు చెబుతాను, అప్పుడు వేసుకోండి" అంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తల మీద కొంగు కప్పుకుని, చేయి అడ్డం పెట్టుకుని అమ్మ ఆకాశం కేసి చూస్తూ నిలబడింది. "ఇప్పుడు వెయ్యండీ!" అని ఆవిడ అరిస్తే నేను ఆ మాట నడవలోంచి లోపలికి అందించేదాన్ని. ఇన్నేళ్ళ కాపురంలో నాన్న పనికి అమ్మ చేయి కలపడం నేను చూడటం అదే మొదటిసారి. ప్రింటు కడగడానికి తాగేనీళ్ళ బిందె కూడా ఆవిడే తెచ్చి గడప లోపల పెట్టింది.

అలా వెలుగు పట్టిన కాగితం డెవలపర్ మందులో వేసేటప్పుడు నేనూ లోపలికెళ్ళాను. ఎర్రవెలుగులో ముందు మడచెట్టు వేళ్ళు తేలాయి. తర్వాత ఆ వేళ్ళలో లావుపాటి ఒక వేరుని పట్టుకున్న చెయ్యి తేలింది. బిగిసిన నరాలు, తెగిన గోళ్ళు, బొటనవేలి మీద గాటు, అన్నీ చెక్కినంత స్పష్టంగా ఉన్నాయి. ఆ పైన ముఖం ఉండాల్సిన చోట పొగ మరక. నాన్న అంకెలు లెక్కపెడుతున్నంతసేపట్లో అప్పలరాజు ఏ పిట్ట కోసమో తల తిప్పాడు. ముఖం రాలేదు. నాన్న ఇంకా ఏదైనా తేలుతుందేమోనని బేసిన్ ఊపుతూనే ఉన్నారు. నల్లబడిపోతుంది నాన్నా అని నేనే కాగితం తీసి హైపోలో వేశాను. ఆయన తడి గచ్చు మీద కూర్చుండిపోయి, "చెయ్యి కదల్లేదమ్మలూ" అన్నారు. డుంగీ పక్కకి కొట్టుకుపోయి నీళ్ళు కదిలితే ఫొటో చెడిపోతుందని, అతను అంతసేపూ ఆ వేరుని పట్టుకుని ఉన్నాడు. నాన్న ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు వాళ్ళిద్దరూ వచ్చారు. నాన్న ప్రింటుని రెండు చేతులతో అందించి, "ముఖం రాలేదమ్మా. నాదే తప్పు" అన్నారు. పైడమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసింది. బొటనవేలి గాటు మీద తన వేలు పెట్టింది.

"ఆయనే," అంది. వేలు తియ్యకుండానే మళ్ళీ అంది. "ఇలాటి పట్టు పట్టినోడు సెయ్యి ఒగ్గీసినాడంటే, మరి రాడు బాబూ." అన్నాళ్ళూ అందరితో వాదించి, శిబిరాలన్నీ తిరిగిన మనిషి, అప్పుడు మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. అమ్మ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

ముసలమ్మ ఏడవలేదు. ఒళ్ళోంచి ప్రింటు లాక్కుంది. "నోరుముయ్యే. ఎక్కడొగ్గీసినాడు? సూడు, పట్టుకునే ఉన్నాడు." దాన్ని కొంగులో చుట్టుకుని లేచింది. "నాను క్యాంపులకెల్తాను."

దండ వేసి పంపించేస్తానన్న మనిషి ఆ రోజు నుంచి శిబిరం శిబిరమూ తిరిగింది. నాన్న పనిచేసే బడికి వచ్చినప్పుడు నేనూ అక్కడే గంజి పోస్తున్నాను. బెంచీ బెంచీ దగ్గరా ఆగి, "బేటా, యే హాథ్ దేఖా క్యా?" అని అడుగుతోంది. ఒక చేతి బొమ్మ చూపించి మనిషిని వెతుకుతున్న ఆ ముసలమ్మని చూసి ఎవరూ నవ్వలేదు. నికోబారు ఆవిడ ఒకరు ప్రింటుని వెలుతురుకి తిప్పి శ్రద్ధగా చూసి, చూడలేదమ్మా అని చేతులు జోడించింది. ఓడలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక ముసలమ్మ హట్‌బే కూడా వెళ్ళొచ్చింది. తిరిగొచ్చినప్పుడూ ఒక్కతే ఉంది, ప్రింటు కొంగులోనే ఉంది.

నాన్న అడవికి మళ్ళీ వెళ్ళడానికి చాలాకాలం పట్టింది. వెళ్ళినా అది పాత అడవి కాదు. భూమి కుంగి ఉప్పునీళ్ళు నిలిచిపోయిన చోట చెట్లు నిలబడే ఎండిపోయాయి. వాటినీ తీశారు. అయితే చుట్టలో మొదటి బొమ్మ మాత్రం డుంగీ నడిపే మనిషిది. ఎదురుగా కూర్చోబెట్టి, కదలకు భయ్యా అని చెప్పి, దగ్గరగా ముఖం తీసేవారు. ప్రింటు వేసి అతనికే ఇచ్చేసేవారు. ఇప్పుడు నా ఫోనులో నా ముఖమే వేలసార్లు ఉంది. ఏ ఒక్కదాని కోసమూ ఎవరూ ఎండలో నిలబడలేదు, తాగేనీళ్ళు ఇవ్వలేదు. పాతకాలమే గొప్పదని అనను. ఆ రోజుల్లో అప్పలరాజు జేబులో ఒక ఫోనుంటే ఆ రెండు గుండెలకీ అంత కోత ఉండేది కాదు. అయినా పైడమ్మ వాళ్ళింట్లో ఉన్నటువంటి ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు.

పోయిన ఏడాది ముసలమ్మ పోయిందని తెలిసి జంగ్లీఘాట్ వెళ్ళాను. పైడమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది. గోడ మీద ముసలమ్మ పటం, దానికి లావుపాటి బంతిపూల దండ. ఆ పక్కనే అద్దం కట్టించిన మడచెట్టు వేరు, దాన్ని పట్టుకున్న చెయ్యి. దానికి దండ లేదు.

నేను అటే చూస్తుంటే పైడమ్మ అంది. "ఆయన రాడని నాకు ఆ రోజే తెలిసిపోనాదమ్మా. ముసల్ది ఒప్పుకోనేదు. పోయేముందు కూడా నా సెయ్యట్టుకుని, నా కొడుక్కి దండెయ్యొద్దే, ఒచ్చి సూస్తే ఏటనుకుంటాడు అన్నాది."

"మరి ఇప్పుడు ఆవిడ లేదు కదా?"

"నేకపోతే? మాటిచ్చినాను కదమ్మా."

కిటికీలోంచి సముద్రపు గాలి వీచింది. ముసలమ్మ పటం మీది బంతిపూల దండ ఊగి, పక్కనున్న చేతి మీదికి ఒరిగింది. పైడమ్మ లేచి వెళ్ళి, దండని ఇవతలికి జరిపి, అది మళ్ళీ అటు పోకుండా దారంతో కట్టింది.